అంతకుముందు ఎవరిది?

మా బావ పుట్టగానే ఏడవలేదు. కళ్లు తెరిచి, తనని పడుకోబెట్టిన ఉయ్యాల వైపు అనుమానంగా చూసి, "ఇది అంతకుముందు ఎవరిది?" అని నర్సుని అడిగాడు.

సరే, పుట్టగానే అన్నది కొంచెం ఎక్కువే. మాటలు వచ్చాకే అడిగి ఉంటాడు. అడిగింది నర్సుని కాదు, వాళ్లమ్మని. ఉయ్యాల గురించి కూడా కాదు, పాలగ్లాసు గురించి. కానీ అడగడం మాత్రం నిజం. ఎందుకంటే ఆ తర్వాత జీవితమంతా ఆయన అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. ఊళ్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఆయన ఎదురుగా ఉన్నప్పుడు 'సెర్చిగారు' అనేవాళ్లు, అటు తిరగ్గానే 'అంతకుముందుగారు' అనేవాళ్లు.

ఆయన పని అలాంటిది. ఎవరైనా స్థలం కొనాలనుకుంటే లాయరు దగ్గరికి వెళతారు. లాయరు మా బావని పిలుస్తాడు. మా బావ రిజిస్ట్రారు ఆఫీసు రికార్డు గదిలో కూర్చుని, ఇప్పుడు అమ్ముతున్నవాడికి ఆ స్థలం ఎవరు అమ్మారు, వాళ్లకి ఎవరు అమ్మారు, వాళ్లకి తాత ఇచ్చాడా, కోర్టు ఇచ్చిందా అని పాత దస్తావేజులు పట్టుకుని ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతాడు. మధ్యలో ఒక్క మెట్టు విరిగి ఉన్నా కొన్నవాడు కింద పడతాడు. ఈ వెతుకులాటనే సెర్చి అంటారు, ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి చూస్తే చాలంటారు లాయర్లు. మా బావకి ముప్పై ఏళ్లంటే వీధి చివరిదాకా వెళ్లి రావడం లాంటిది.

వెనక్కి నడవడం అలవాటైపోయి పేపరు కూడా చివరి పేజీ నుంచే చదివేవాడు. ఒకసారి నేను డిటెక్టివ్ నవల ఇస్తే ఆఖరి పేజీ నుంచి మొదటి పేజీకి చదివి, "బాగుంది. ముందు హంతకుణ్ణి పట్టుకున్నారు, తర్వాత చచ్చినవాడు హాయిగా లేచి కాఫీ తాగాడు" అన్నాడు.

హోటలుకి వెళితే ఊరికే కూర్చునేవాడు కాదు.

"ఈ టేబులు ఖాళీయేనా?"

"ఖాళీయే సార్, కూర్చోండి," అన్నాడు సర్వరు.

"అంతకుముందు ఎవరున్నారు?"

"ఎవరో ఇద్దరు తిని వెళ్లిపోయారు సార్."

"పూర్తిగా వెళ్లిపోయారా? మళ్లీ వస్తామన్నారా?"

"బావా, నాకు ఆకలేస్తోంది," అన్నాను నేను, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. సర్వరు తెచ్చి పెట్టిన టిఫిను నేను నోట్లో పెట్టుకున్నానో లేదో, చేతులు కడుక్కోవడానికి వెళ్లిన ఆ ఇద్దరూ వచ్చి, వాళ్ల టిఫిను నేనెందుకు తింటున్నానని నిలదీశారు. మా బావ గోడకి ఆనుకుని, "ఎంక్వయిరీ లేకుండా స్వాధీనం చేసుకుంటే ఇంతే," అన్నాడు.

జ్వరమొస్తే డాక్టరు దగ్గర కూడా ఇదే గోల.

"మీకు జ్వరం ఉందండీ."

"నా దగ్గరికి రాకముందు ఎవరి దగ్గర ఉంది?"

డాక్టరు స్టెతస్కోపు మెడలోంచి తీసి, కాసేపు ఆలోచించి, "మీ బావమరిది దగ్గర," అన్నాడు. అంతకు రెండు రోజుల ముందు నాకూ ఆయనే మందిచ్చాడు. మా బావ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. బదిలీ చేసేముందు చెప్పలేదని.

మా అక్కని ఆయన మొదట చూసింది బస్టాపులో. కుండపోతగా వాన. తడిసి ముద్దవుతున్న మనిషిని చూసి జాలిపడి మా అక్క గొడుగు అందించింది.

"మీరు పట్టుకోండి. నాకు బస్సొచ్చేసింది. రేపు ఇవ్వండి."

"థాంక్సండీ. ఇది మీదేనా?"

"నాదే."

"అంతకుముందు?"

"మా పిన్నిది. ఆవిడకి బస్సులో దొరికిందట."

"అయితే ఇది మీదీ కాదు, మీ పిన్నిదీ కాదు," అని గొడుగు మడిచి మా అక్క చేతిలో పెట్టి వానలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మా అక్క ఇంటికొచ్చి, పెళ్లంటూ చేసుకుంటే అంత నిజాయితీ ఉన్న మనిషినే చేసుకుంటానంది. మా నాన్న, "నిజాయితీ ఉన్నవాడికి గొడుగు కింద నిలబడేపాటి తెలివి కూడా ఉండకూడదని ఎక్కడుందే?" అన్నాడు. మా అక్క వినలేదు. ఆయన తడవకుండా చూసుకోవడం ఆ రోజు నుంచీ ఆవిడ పని.

ఇక అసలు సంగతికి వస్తాను. అప్పుడు నేను ఒక కార్ల షోరూంలో లెక్కలు చూసేవాణ్ణి. మా షోరూం ఓనరు చెడ్డవాడు కాదు గానీ తొందర మనిషి. కారు హారన్ కొట్టినట్టు మాట్లాడేవాడు. పెద్ద రోడ్డు మలుపులో ఒక ఖాళీ స్థలం అమ్మకానికి వచ్చింది. కొత్త షోరూం అక్కడే కట్టాలని ఆయన పట్టుదల. అంతకుముందొకసారి ఎంక్వయిరీ లేకుండా ఒక షాపు కొని, అదే షాపు ఇంకొకరికి కూడా అమ్మారని తెలిసి, కోర్టు మెట్లు ఎక్కి దిగి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. అందుకని ఈసారి మా బావని పిలిచి, "మీరు సరే అన్నదాకా నేను అడుగు ముందుకు వెయ్యను," అని మాటిచ్చాడు. ఆ మాట ఇచ్చినందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నాడో నాకు తెలుసు.

స్థలం చూడడానికి ముగ్గురం వెళ్లాం. ఖాళీ స్థలం అన్నమాటే గానీ అది ఖాళీగా లేదు. ఒకావిడ దాన్ని అద్దెకి తీసుకుని మొక్కల నర్సరీ నడుపుతోంది. కాగితం లేదు, ఒప్పందం లేదు, నోటిమాట మీద ఏళ్ల తరబడి సాగిపోతోంది. తడి గోనెపట్టాల నీడలో వరసగా మళ్లు, వాటినిండా కొత్తగా అంటు కట్టిన మొక్కలు. ప్రతి మొక్క మెడకీ ప్లాస్టిక్ పట్టీ చుట్టి ఉంది. గొంతు నొప్పితో బడి మానేసిన పిల్లల్లా ఉన్నాయి.

"ఎప్పుడు ఖాళీ చెయ్యాలండీ?" అని అడిగింది ఆవిడ, చేతిలో నీళ్ల డబ్బాతో.

"రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే అమ్మా," అన్నాడు మా ఓనరు.

"ఊరవతల వేరే స్థలం చూసుకున్నాను సార్. కానీ అక్కడ బావి ఎండిపోయి ఉంది. వానలు పడితేగానీ నీళ్లుండవు. పైగా ఈ ఎండల్లో కదిపితే అంటు ఊడిపోతుంది. ఏడాది కష్టం సార్, ఒక్కటీ బతకదు. వానలు పడేదాకా ఆగండి."

"వ్యాపారం ఆగదమ్మా. నాకు బ్యాంకువాళ్లు ఆగరు, మేస్త్రీ ఆగడు," అన్నాడు ఓనరు. అని మొహం అటు తిప్పుకున్నాడు.

ఇద్దరూ మా బావ వైపు చూశారు. మా బావ వాళ్ల మాట వింటున్నట్టే లేడు. ప్రహరీ గోడని వేలితో గోకి, "ఈ గోడ ఎవరు కట్టించారు?" అన్నాడు. మనిషి పక్కన మనిషి ఏడుస్తున్నా ఈయనకి గోడే కనిపిస్తుందని నాకు ఒళ్లు మండింది.

పని మొదలైంది. రికార్డు గది మీరు చూసి ఉండరు. కప్పు దాకా ఇనప రాకులు, ఎర్రట్ట వాల్యూములు, ఒకటి కిందికి దించితే అర శతాబ్దం దుమ్ము మీద పడుతుంది. రికార్డు గది గుమాస్తా ఒక పెద్దావిడ, ముక్కుకి తడి రుమాలు కట్టుకుని కూర్చునేది. మా బావ చేతులకి పాత మేజోళ్లు మోచేతులదాకా తొడుక్కుని, నిచ్చెనెక్కి వాల్యూము దించి, ఆనవాలుకి పేజీల మధ్య అగ్గిపుల్ల పెట్టేవాడు. దొరికిన ఓనర్లందరినీ ఒక పొడుగాటి గోధుమరంగు కాగితం మీద కింది నుంచి పైకి రాసుకుంటూ పోయేవాడు.

రోజూ పొద్దున్నే మా ఓనరు నన్ను పట్టుకునేవాడు.

"మీ బావ ఎంతవరకు వచ్చాడయ్యా?"

"రాలేదు సార్. ఇంకా వెళుతున్నాడు."

"ఎటు?"

"వెనక్కి సార్."

ముప్పై ఏళ్లూ అయిపోయాయి. ఒక్క తేడా లేదు. లాయరు భుజం తట్టాడు, ఓనరు స్వీట్లు తెప్పించాడు. మా బావ ఒకటి నోట్లో వేసుకుని, "ఇదంతా బాగానే ఉంది. అంతకుముందు?" అన్నాడు.

"ముప్పై చాలని లాయరుగారే అంటున్నారు కదండీ!"

"మీరు పోయినసారి కొన్న షాపుకి ఎన్నేళ్లు చూశారు?"

ఓనరు మోకాళ్లు తడుముకున్నాడు.

అంతకుముందు ఆ స్థలం ఇద్దరు దర్జీలది, అన్నదమ్ములు. పంచుకున్న కాగితంలో వాళ్ల చెల్లెలి సంతకం కనిపించలేదు. మా బావ బస్సెక్కి ఆవిడ ఉన్న ఊరు వెళ్లాడు. ఆవిడ ముసలిదైపోయింది. తన వాటా అన్నలకి ఎప్పుడో వదులుకున్నానని, దానికి వేరే కాగితం రాశామని చెప్పి, అన్నం పెట్టి, దాని నంబరు చెప్పి పంపింది. మర్నాడు రికార్డు గదిలో ఆ కాగితం దొరికింది.

"అయితే ఇక రిజిస్ట్రేషన్ పెట్టుకోవచ్చు!" అన్నాడు ఓనరు.

"ఆ దర్జీలకి ఎవరమ్మారో చూడొద్దా?"

దర్జీలకి అమ్మింది ఒక సర్కస్ కంపెనీ. ఆ స్థలంలో ఏనుగుని కట్టేసేవాళ్లట. ఓనరు నెత్తి పట్టుకున్నాడు.

"సెర్చిగారూ, ఇప్పుడా ఏనుగొచ్చి వాటా అడుగుతుందా?"

"ఏనుగు అడగదు. మావటివాడి వారసులు అడగొచ్చు."

ఎండలు ముదిరాయి. రోడ్డు తారు కరిగి చెప్పులకి అంటుకునేది. మావటివాడికి పెళ్లే కాలేదని తేలేసరికి మా ఓనరు ఓపిక పూర్తిగా ఆవిరైపోయింది. రికార్డు గదిలోకి దూసుకొచ్చి బల్ల మీద గుద్దాడు. దుమ్ము లేచింది, రికార్డు గది ఆవిడ తుమ్మింది.

"ఇంక చాలండీ! రేపటికల్లా సరే అనకపోతే వేరేవాళ్లతో చూపించుకుంటాను. ఎల్లుండి రిజిస్ట్రేషన్!"

మా బావ మేజోళ్లు తీసేశాడు. గోధుమరంగు కాగితం బల్ల మీద పరిచాడు. కింద మా ఓనరు పేరు, దానిపైన ఇప్పుడు అమ్ముతున్నవాడు, పైన దర్జీలు, ఆపైన సర్కస్ కంపెనీ. సర్కస్ పక్కన మా బావ చిన్న ఏనుగు బొమ్మ కూడా వేశాడు. చూడడానికి అది తొండం ఉన్న బస్తాలా ఉంది.

"తీసుకెళ్లండి. వేరేవాళ్లకి పనికొస్తుంది," అన్నాడు. "ఈ వీధి మొత్తంలో ఇంత చరిత్ర ఉన్న స్థలం ఇంకొకటి లేదు. పటం కట్టించి షోరూంలో పెట్టుకుంటే వచ్చినవాళ్లంతా చూస్తారు. ఏం లాభం, పైన ఇంకా ఖాళీ ఉండిపోయింది."

ఓనరు కాగితం చుట్టబోయి ఆగాడు. ఏనుగు వైపు చూశాడు. పైనున్న ఖాళీ వైపు చూశాడు. మళ్లీ కింద తన పేరు చూసుకున్నాడు. గొంతు సవరించుకుని, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లిగా అడిగాడు:

"ఈ సర్కస్ వాళ్లకి ముందు... ఎవరిదంటారు?"

అయిపోయింది. జబ్బు అంటుకుంది. మర్నాటి నుంచి మా ఓనరే పొద్దున్నే కారేసుకుని మా బావ ఇంటి ముందు హారన్ కొట్టేవాడు.

సర్కస్ వాళ్లకి ముందు ఆ స్థలం నేను చదువుకున్న కాన్వెంటుది. ముగ్గురం అక్కడికి వెళ్లాం. నాకు పాఠాలు చెప్పిన సిస్టర్ ఇంకా ఉన్నారు. బాగా పెద్దవారైపోయారు, వీల్ చెయిర్లో వరండాలో కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి, "ఇంకా కోతలు కోస్తున్నావా?" అన్నారు. లేదన్నాను. "చూశారా, కోశాడు," అన్నారు మా ఓనరుతో.

"సిస్టర్, ఆ మలుపులో స్థలం ఒకప్పుడు మీదే కదా?" అన్నాడు మా బావ.

"మాదే నాయనా. తోట ఉండేదక్కడ."

"అంతకుముందు ఎవరిది సిస్టర్?" అన్నాడు మా ఓనరు, మా బావకి ఛాన్సు ఇవ్వకుండా.

"అంతకుముందా? దేవుడిది."

మా బావ జేబులోంచి పెన్సిలు తీశాడు. "ఆయన ఎవరికి రాసిచ్చాడో తెలుసా? సాక్షులెవరు?"

సిస్టర్ నవ్వు ఆపుకోలేకపోయారు. "ఆయన రాసివ్వలేదు నాయనా. మొట్టమొదట ఇద్దరికి ఉండమని ఇచ్చాడు, వాళ్లు మాట వినకపోతే తోటలోంచి ఖాళీ చేయించాడు."

"నోటీసు ఇచ్చాడా?"

"లేదు. అప్పటికప్పుడే పంపించేశాడు."

"అది మాత్రం పద్ధతి కాదు సిస్టర్," అన్నాడు మా బావ, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ. "తోట అన్నాక కనీసం వానలు పడేదాకా ఆగాలి."

సిస్టర్ మా బావ వైపు ఒకసారి, మా ఓనరు వైపు ఒకసారి చూసి, కళ్లజోడు తుడుచుకున్నారు. మా ఓనరు వరండాలోంచి ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాడు. కారెక్కాక కూడా హారన్ కొట్టలేదు. నాకు మాత్రం ఏమీ తట్టలేదు. మా బావకి దేవుడి మీద కూడా కేసు పెట్టే ఉద్దేశం ఉందేమోనని భయపడ్డాను.

ఆ తర్వాతి వారం మబ్బులు పట్టాయి. మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన. వాన తెరిపిచ్చిన రోజు మధ్యాహ్నం నేను ఆ మలుపు మీదుగా వస్తుంటే నర్సరీ ముందు లారీ ఆగి ఉంది. మొక్కలావిడ మట్టిగడ్డలతో సహా అంట్లు తవ్వి గోనెల్లో చుట్టి ఎక్కిస్తోంది. మెడ పట్టీలు విప్పేశారు. ప్రతి మొక్కకీ చిగురు వచ్చింది. లారీ చూస్తే మా షోరూందే.

"మా ఓనరు పంపారా?" అన్నాను ఆశ్చర్యంగా.

"ఖాళీగా ఉందని పంపారట తమ్ముడూ. బావి కూడా నిండింది. ఒక్క మొక్క పోలేదు. అంతా మీ బావగారి చలవ."

"మా బావా? ఆయనకి గోడ తప్ప ఇంకేమీ కనిపించదే!"

"అదేం మాట! వారం వారం వచ్చి, 'అంటు ఎంతవరకు పట్టిందమ్మా?' అని అడిగి వెళ్లేవారు. ఇంకో రెండు వారాలు కావాలంటే, 'సరే, ఇంకో ఓనరు పడతాడు' అనేవారు. ఎండలు బాగా ముదిరినప్పుడు, 'ఇంకా నెల పట్టేట్టుంది బాబుగారూ' అంటే, 'నెలా? అయితే ఏనుగుని దాటి సిస్టర్లదాకా వెళ్లాలి' అన్నారు. నాకేం అర్థమయ్యేది కాదు. ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారు, మీరు రావడం చూసి అటు వెళ్లారు."

అటు చూశాను. లారీ వెనక నుంచి గొడుగు లేకుండా ఒక మనిషి చిన్నచినుకుల్లో గబగబా వెళ్లిపోతున్నాడు. మోచేతులదాకా మేజోళ్లు, వాటినిండా బురద.

నేను తిన్నగా రికార్డు గదికి వెళ్లాను. పెద్దావిడ ముక్కు రుమాలు తీసి చెప్పింది. "ఆ స్థలం పనా? మొదటి వారంలోనే అయిపోయిందయ్యా. చెల్లెలి కాగితంతో సహా అన్నీ సరిగ్గా ఉన్నాయి. తర్వాత చూసినవన్నీ ఎవరికీ అక్కర్లేనివి. అక్కర్లేదని నేనంటే, 'అక్కరుందమ్మా' అని నిచ్చెనెక్కేవాడు. అబద్ధం ఒక్కటీ రాయలేదు. ఉన్నదే రాశాడు, కాస్త ఎక్కువ దూరం రాశాడు."

మర్నాడు పొద్దున మా బావ షోరూంకి వచ్చి, "స్థలం క్లియర్. కొనుక్కోవచ్చు," అన్నాడు. రిజిస్ట్రేషన్ అయింది. మేస్త్రీ కూడా సంతోషించాడు. ముందే పునాది తవ్వుంటే ఈ వానలకి చేపలు పెంచుకోవాల్సి వచ్చేదన్నాడు. గోధుమరంగు కాగితం పటం కట్టి కొత్త షోరూం గోడకి పెట్టారు. కారు కొనడానికి వచ్చినవాళ్లు ముందు ఏనుగు దగ్గర ఆగి, ఇదేం జంతువని అడుగుతారు.

ఈ మధ్య ఒక రోజు ఇదంతా రాసి మా బావకి చదివి వినిపించాను. ఆయన పడక్కుర్చీలో కళ్లు మూసుకుని విన్నాడు. అక్క పక్కనే బట్టలు మడతపెడుతోంది.

"అంతా అబద్ధం," అన్నాడు చివరికి.

"ఏది అబద్ధం బావా?"

"మొదటి నుంచి చివరిదాకా. నేను ఆలస్యం చెయ్యలేదు. ఎంత అవసరమో అంతే చూశాను."

"ఏనుగు కూడా అవసరమేనా?"

"ఏనుగు పెద్దది. వదిలేస్తే ఎలా?"

"మొక్కలావిడ?"

"ఎవరావిడ? నాకు గులాబీకీ గడ్డికీ తేడా తెలియదు."

"ఆ రోజు నువ్వు లారీకి మొక్కలు అందించావు కదా!"

"ఆ రోజు నాకు నడుం నొప్పి. మంచం దిగలేదు."

"మంచం దిగని మనిషి చొక్కా నాలుగుసార్లు ఉతికాను," అంది అక్క, తల ఎత్తకుండానే. "బురద పోలేదు."

మా బావ లేచి, నా చేతిలోంచి కాగితాలు లాక్కుని, ఆఖరి పేజీ కింద పెద్ద అక్షరాలతో రాశాడు: 'పైన రాసినది యావత్తూ కల్పితం. ఇందులోని ఏ సంగతీ జరగలేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.' సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. కాగితం మా అక్క ముందుకి జరిపాడు.

"సాక్షి సంతకం పెట్టు."

"నేను పెట్టను. తెలిసి తెలిసి అబద్ధానికి నా సాక్ష్యమెందుకు?"

"పోనీ నువ్వు పెట్టరా."

"రాసినవాణ్ణే నేను బావా. నేనెలా పెడతాను?"

మా బావ కాగితం వెనక్కి తీసుకున్నాడు. సాక్షి లేని దస్తావేజు చెల్లదని ఆయనకి చెప్పాలా? కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని మళ్లీ కుర్చీలో వాలాడు.

"సాక్షి లేకపోతే లేకపోనీ," అన్నాడు. "జరగలేదంటే జరగలేదు."